స్వలింగప్రేమికులకు వోటుతో నేమి పని?

"రాజకీయములు మనకెందుకయ్యా? ఎవరు గెలిచినను మన పాటు మనకు తప్పదు గదా!" అనుమాట ప్రతి ఎన్నికకు ముందును మన పట్టణములలో వినవచ్చుచుండును. కాఫీహోటలులో వినవచ్చును, పఠనమందిరపు అరుగుమీదను వినవచ్చును. భార్యాబిడ్డలతో, ఇల్లు వాకిలితో, ఊరినిండ చుట్టరికములతో బ్రతుకువాడు ఇట్లన్నచో అది సోమరితనమని యెంచి మేము నవ్వి యూరకుందుము. అతని పెండ్లి చెల్లునా చెల్లదా యని ఏ శాసనసభయు తర్కించుటలేదు. అతని యింట నున్న మనిషి అతనికేమగునో తేల్చుటకు ఏ న్యాయస్థానమును కొలువుదీరుటలేదు. కాని యీ మాటయే స్వలింగప్రేమికుని నోట వెలువడినపుడు మాకు నవ్వు రాదు, విచారము కలుగును. రాజకీయములను తాను విడిచితినని అతడు తలచినను, రాజకీయములు మాత్రము అతనిని విడువలేదు. పురుషుడు పురుషుని ప్రేమించుట, స్త్రీ స్త్రీని ప్రేమించుట ఈ దేశమున 150 సంవత్సరములకు పైగా ప్రభుత్వపు వ్యవహారమై యుండెను. నేటికిని సగము అట్లేయున్నది.

ఇది ఎట్లు ప్రారంభమైనదో పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మెకాలే ప్రభువు చిత్తు సిద్ధపరచిన శిక్షాస్మృతి 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అందలి 377వ సెక్షను, ప్రకృతివిరుద్ధమను పేరిట, ఇద్దరు వయోజనుల పరస్పరసమ్మతమైన కలయికను సైతము యావజ్జీవశిక్షకు తగిన నేరముగ నొనర్చెను. ఆ శాసనమును చేసిన సభలో భారతీయుడు ఒక్కడును లేడు. నామమాత్రముగ నైనను భారతీయులను శాసనసభలోనికి పిలిచినది 1861 నాటి కౌన్సిళ్ల చట్టము తరువాతనే. ఒక్క వోటైనను అడుగక, ఒక్క నోరైనను విప్పనీయక, ఓడలో దిగుమతియైన న్యాయమిది. దీనినే మన సనాతనాచారమని సమర్థించినవారున్నారు! ఆంగ్లేయులు తమ ఇంగ్లండు, వేల్సులలో ఈ నేరమును 1967లోనే చాలవరకు తొలగించుకొనిరి. మనము స్వరాజ్యము వచ్చిన పిమ్మట 71 సంవత్సరములు దానిని భద్రముగ దాచుకొంటిమి. దొర వెడలిపోయెను, దొర బెత్తము మాత్రము గోడకు వ్రేలాడుచునేయుండెను.

1951-52 సంవత్సరములలో తొలి సార్వత్రికఎన్నికలు జరిగినపుడు కులము, మతము, చదువు, సంపద అను భేదము లేక ప్రతి వయోజనునకును వోటు లభించెను. ప్రపంచచరిత్రలోనే గొప్ప ఘట్టమది. ఆ దినమున వరుసలో నిలిచి, వేలికి సిరా పెట్టించుకొనినవారిలో స్వలింగప్రేమికులును ఉండిరి. ఒక కాగితమున వారు పౌరులు. మరియొక కాగితమున నేరస్థులు. మొదటి కాగితమును చేతబట్టి రెండవదానిని మార్చుకొనవచ్చునను సంగతి వారికి చెప్పినవారు లేరు. చెప్పవలసిన మావంటి పత్రికలును చాలకాలము నోరు మెదపలేదు. ఆ తప్పును మేము ఒప్పుకొనుచున్నాము.

చట్టసభలు కదలనందున వారు న్యాయస్థానముల మెట్లెక్కిరి. 2009 జూలై 2వ తేదీన ఢిల్లీ హైకోర్టు వయోజనుల సమ్మతమైన కలయిక నేరము కాదని తీర్పు చెప్పెను. 2013 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, 377వ సెక్షనును ఉంచుటయా తీసివేయుటయా యనునది పార్లమెంటు ఆలోచించుకొనవచ్చునని పలికెను. నాలుగేండ్లు నిర్దోషియై నిద్రించినవాడు ఆనాటి సాయంకాలమునకు మరల దోషియయ్యెను. అతడు క్రొత్తగా చేసినదేమియు లేదు.

పార్లమెంటును చూపిరి గదా, అచ్చటికే పోవుదమని 2015 డిసెంబరు 18వ తేదీన లోక్‌సభలో శశిథరూరుగారు ఒక అనధికార బిల్లును తెచ్చిరి. దానిని ఆమోదింపుమని వారడుగలేదు. ప్రవేశపెట్టనిండని మాత్రమే అడిగిరి. ఇట్టి బిల్లులను ప్రవేశదశలోనే అడ్డుట సభలో అరుదైన సంగతి. ఐనను వోటింగు పెట్టించిరి. అనుకూలముగ 24, ప్రతికూలముగ 71. మరల 2016 మార్చి 11వ తేదీన ప్రయత్నించిరి. అనుకూలముగ 14, ప్రతికూలముగ 58. 540 మందికి పైబడిన సభలో ఆ రెండు దినములలో ఒక్కనాడైనను వోటు చేసినవారు 100 మంది లేరు.

పాఠకులారా, ఈ అంకెలయొద్ద ఒక నిమిషము ఆగుడు. వ్యతిరేకించిన 71 మందిమీద మాకంత కోపము లేదు; వారు తమ అభిప్రాయమును తెలిపిరి. తక్కిన నాలుగువందలకు పైబడినవారు ఎక్కడనుండిరి? ఆ శుక్రవారము మీ నియోజకవర్గపు సభ్యుడు తన స్థానమున కూర్చుండెనా? కూర్చుండినచో ఏ పక్షమున వోటు చేసెను? ఆయన మరల ఊరికి వచ్చినపుడు ఈ ప్రశ్న అడిగినవారెవరు? అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అమ్మయే పెట్టనిది పార్లమెంటు సభ్యుడు పెట్టునా?

2018లో ఈ వ్యాజ్యము మరల సుప్రీంకోర్టు ముందునకు వచ్చినపుడు కేంద్రప్రభుత్వము ఈ విషయమును న్యాయస్థానపు విజ్ఞతకే వదలుచున్నామని చెప్పి తప్పుకొనెను. సెప్టెంబరు 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగ ఆ నేరమును రద్దుచేసిరి. ప్రజాప్రతినిధులు చేయవలసిన పనిని న్యాయమూర్తులు చేసిరి. సంతోషమే. కాని శిక్ష తప్పుట వేరు, స్థానము దొరకుట వేరు. జైలు తలుపు తెరచినంతమాత్రమున ఇంటి తలుపు తెరచినట్లు కాదు. వివాహహక్కు కొరకు వారు మరల మొరపెట్టుకొనగా 2023 అక్టోబరు 17వ తేదీన సుప్రీంకోర్టు ధర్మాసనములోని ఐదుగురును వివాహమాడుట ప్రాథమికహక్కు కాదనిరి. ఆ శాసనము చేయవలసినది పార్లమెంటేయనిరి. పునఃపరిశీలన కోరిన అర్జీలు 2025 జనవరిలో త్రోసివేయబడినవి. 2013లో న్యాయస్థానము పార్లమెంటును చూపెను. 2018లో ప్రభుత్వము న్యాయస్థానమును చూపెను. 2023లో న్యాయస్థానము మరల పార్లమెంటును చూపెను. పదేండ్లు తిరిగిన మనిషి బయలుదేరిన గుమ్మమునకే వచ్చిచేరెను. ఆ గుమ్మపు తాళముచెవి వోటు.

ఇందులో పోవునదేమి, వచ్చునదేమి యని అడుగువారున్నారు. ఒక చిన్నపట్టణమున అద్దెయింటిలో ఇరువురు మగవారు ఇరువది సంవత్సరములుగ కలిసియున్నారనుకొందము. ఒకడు బడిపంతులు, ఒకడు మందులషాపు గుమాస్తా. ఇరుగుపొరుగువారికి వారు స్నేహితులు. తమకుమాత్రము తాము సర్వస్వము. పంతులు గుండెనొప్పితో ఆసుపత్రిలో పడినాడు. "రోగికి మీరేమగుదురు?" అని కాగితముపట్టుకొని అడిగినపుడు గుమాస్తా ఏమని చెప్పవలెను? పంతులు విల్లు వ్రాయక మరణించినచో 1956 నాటి హిందూవారసత్వచట్టము అతని ఆస్తికి దాయాదులను, దూరపు బంధువులను వరుసగ వెదకును. వారెవరును లేనియెడల ఆస్తిని ప్రభుత్వమునకే చేర్చును. ఇరువదియేండ్లు అన్నము పంచుకొన్నవానిని మాత్రము ఎరుగదు. భర్త భార్యకిచ్చిన కానుకకు ఆదాయపు పన్ను లేదు; పంతులు గుమాస్తాకిచ్చినవి ఏడాదికి 50,000 రూపాయలు దాటినచో పన్ను కలదు. బిడ్డను పెంచుకొనదలచినచో ఒంటరిగ ఒకడు కోరవచ్చును గాని ఇరువురును కలిసి తలిదండ్రులు కాజాలరు. ఇవి వేదాంతచర్చలు కావు. నెలజీతము, ఇంటిపట్టా, ఆసుపత్రి కాగితము. మీకు రాజకీయమనగా రోడ్డు, నీటికుళాయి, బియ్యపు ధర. వారికి ఇవన్నియు కలవు. వీనికి తోడు తమ యింటి దీపమును ఇల్లని ఒప్పించుకొనుటయు కలదు.

కొంత మేలు జరిగినదనుట సత్యము. 2023 తీర్పు పిమ్మట కేంద్రప్రభుత్వము క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 2024 ఆగష్టు, సెప్టెంబరు మాసములలో వెలువడిన వివరణల ప్రకారము ఇట్టి సహచరులు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరచుకొనవచ్చును. రేషనుకార్డు విషయమున వారిని ఒకే కుటుంబముగ పరిగణింపవచ్చును. దగ్గరి బంధువులు లేనపుడు సహచరుని భౌతికకాయమును కోరవచ్చును. మేము దీనిని తేలికచేయము. కాని ఉత్తరువు చట్టము కాదు. ఒక కలముతో వచ్చినది మరియొక కలముతో పోవచ్చును.

అడుగువారు సభలో లేనిచో మేలు తలపెట్టిన చట్టములోను ఎట్టి లోపము జరుగునో చూడుడు. 2023లో పార్లమెంటు పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహితను చేసెను. అది 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. 377వ సెక్షనును అందు పూర్తిగ విడిచివేసిరి. సమ్మతమైన కలయిక నేరము కాదనుట ఎంత న్యాయమో, బలాత్కారము నేరమనుట అంత న్యాయము. పాత సెక్షనులో ఆ రెండవభాగము మిగిలియుండెను. దానిని ఉంచుమని పార్లమెంటు స్థాయీసంఘమే సూచించియుండెను. ఐనను ఉంచలేదు. కావున పురుషునిపై జరిగిన బలాత్కారమును బలాత్కారమని పిలిచి శిక్షించు సెక్షను క్రొత్తసంహితలో వ్రాయబడలేదు. ఆ నష్టము ఎవరికి తగులునో వారిలో ఒక్కడు ఆ సభలో నిలిచి గట్టిగ అరచియుండినచో ఈ ఖాళీ ఇట్లే యుండెడిదా?

"వారెందరయ్యా? పిడికెడుమంది" అనునది రెండవ ఆక్షేపము. 2013 తీర్పులోనే వారిని అత్యల్పభాగమని చెప్పిరి. అంతకు ముందు 2012లో ప్రభుత్వమే స్వలింగప్రియులైన పురుషులు సుమారు 25 లక్షలని సుప్రీంకోర్టునకు తెలిపెను. ఇరువదియైదులక్షలు పిడికెడా? పైగా వోటరుజాబితాలో స్వలింగప్రేమికునకు వేరుగడి లేదు. అతడెచ్చటనున్నాడో అభ్యర్థికి తెలియదు. తెలియనివానికొరకు ఎవడును వాగ్దానము చేయడు. హిజ్రాల విషయమున మాత్రము లెక్క కొంత తెలియుచున్నది. 2011 జనాభాలెక్కలలో స్త్రీలుగను పురుషులుగను కాక ఇతరులుగ నమోదైనవారు 4,87,803. 2014 ఎన్నికల జాబితాలో ఆ వర్గమున చేరినవారు 28,527. 2024 నాటికి 48,044. తక్కినవారిలో పిల్లలు కొందరు. స్త్రీలుగనో పురుషులుగనో చేరియున్నవారు కొందరు. ఐనను పదింట ఒక్కవంతు చాలదు.

హిజ్రాలును స్వలింగప్రేమికులును ఒక్కటి కారు. కాని ఇరువురిపైనను పడినది ఒకే కర్ర. నైజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, పుట్టిన చట్టమొకటి హైదరాబాదు హిజ్రాలను రిజిస్టరులో వ్రాయించెను; స్త్రీవేషముతో వీధిలో ఆడినను పాడినను వారంటులేకయే పట్టుకొనవచ్చుననెను. నైజాము పోయెను, హైదరాబాదు రాష్ట్రము పోయెను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయెను. ఎన్ని శాసనసభలు మారినను ఏ సభయు దానిని రద్దుచేయలేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసి, ఆసరా పింఛను వారికిని వర్తింపజేయుమని చెప్పవలసివచ్చెను. ఇన్ని శాసనసభలకు ఎన్నికైనవారు వారి వాడలకు వోటడుగబోయిరా? పోయినచో ఏమి చెప్పిరి?

"సంఖ్యతో హక్కులు తేల్చుట న్యాయమా?" అని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నింతురు. న్యాయము కాదు. పదిమంది చేతులెత్తినచో ఒకని మానము పోవుటయు, చేతులు దించినచో వచ్చుటయు ధర్మము కాదు. అందుకే రాజ్యాంగమున ప్రాథమికహక్కులు వ్రాసుకొంటిమి. కాని ఆ హక్కులకు అర్థము చెప్పు న్యాయస్థానమే 2009లో ఒకటి, 2013లో మరియొకటి, 2018లో వేరొకటి చెప్పినది గదా! కోర్టు అవసరము, కోర్టు ఒక్కటియే చాలదు. రెండుకాళ్ల మనిషి ఒంటికాలితో ఎంతదూరము కుంటును?

మనవలెనే ఆంగ్లేయుల పాలనను, ఆంగ్లేయుల చట్టమును మోసిన ఐర్లండును చూడుడు. అచ్చట ఈ నేరమును 1993 వరకు తొలగింపలేదు. 2015 మే 22వ తేదీన వివాహసమానత్వముపై ప్రజలందరి వోటు తీసికొనగా, నూటికి 62 మంది అనుకూలించిరి. విదేశములలో కూలినాలి చేసికొనుచున్న ఐరిష్ యువకులు విమానములెక్కి, ఓడలెక్కి స్వదేశమునకు వచ్చి వోటువేసిరి. 2024 మే మాసమున హైదరాబాదునుండి ఆంధ్రపల్లెలకు బస్సులలో క్రిక్కిరిసి వోటుకొరకు వెళ్లిన మనవారికి ఆ తపన తెలియును. పొరుగున నేపాళమున 2008లో స్వలింగప్రేమికుడనని బహిరంగముగ చెప్పుకొన్న సునీల్ బాబు పంత్ రాజ్యాంగసభలో సభ్యుడయ్యెను. 2015లో వెలువడిన వారి రాజ్యాంగమున లైంగిక అల్పసంఖ్యాకుల పేరు స్పష్టముగ కలదు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను విస్తరిలోనికి అన్నము వచ్చుననుట ఇందుకే.

మన పక్షములును పూర్తిగ నిద్రించుటలేదు. 2024 ఎన్నికల ప్రణాళికలలో కాంగ్రెసు స్వలింగజంటల సహజీవనమును గుర్తించు చట్టమును, సంప్రదింపుల పిమ్మట, తెత్తుమని చెప్పెను. భారతీయ జనతాపక్షము ట్రాన్స్‌జెండర్లకు గరిమగృహములను విస్తరింతుమని చెప్పెను. ఏ పక్షమునకు వోటువేయవలెనో మేము చెప్పబోము. ప్రణాళికలోని వాక్యము అడుగువాడున్నచో ఋణపత్రము. అడుగువాడు లేనిచో చిత్తుకాగితము.

అడుగుటకు ధైర్యమెట్లు వచ్చును? ఇంటిలో చెప్పలేనివాడు, కచేరిలో చెప్పలేనివాడు, తల్లి పెండ్లిచూపులకు పిలిచినపుడెల్ల నెపములు వెదకువాడు సభలో నిలిచి అడుగగలడా? అడుగలేకపోవచ్చును. అట్టివానిని మేము నిందింపము. కాని మన ప్రజాస్వామ్యము అతనికొరకే కల్పించినట్లు ఒక చోటున్నది. అది మూడువైపుల అట్టతో మూసిన చిన్నగది. అందు తండ్రి తొంగిచూడడు, ఇంటి యజమాని తొంగిచూడడు, కులపెద్ద తొంగిచూడడు. ఊరిలో మరెచ్చటను తన మనసులోని మాట చెప్పలేనివాడు అచ్చట ఒక మీటనొక్కి చెప్పవచ్చును. రహస్యమైన వోటు అందరికిని మేలే. అతనికి మాత్రము అది ప్రాణవాయువు. దానిని కాలదన్ని ఇంటిలో కూర్చుండుట తన నోటిని తానే మూసికొనుట.

ఇక తక్కిన పాఠకులకొక్కమాట. ఇది వారిగోల యని ఈ పుటను త్రిప్పకుడు. మీ తమ్ముడు, మీ మేనకోడలు, మీ బడిలో మొదటిబల్లమీద కూర్చుండు కుఱ్ఱవాడు వారిలో నొకరై యుండవచ్చును, మీకు చెప్పియుండకపోవచ్చును. ఈమారు అభ్యర్థి మీ వీధికి వచ్చినపుడు, అడుగలేనివారి పక్షమున, మీరు మూడుప్రశ్న లడుగుడు. కలిసిబ్రతుకు ఇరువురిని గుర్తించు చట్టమునకు మీరనుకూలురా? బలాత్కారమునకు గురియైన పురుషునకు న్యాయసంహితలో రక్షణ చేర్పింతురా? ఇట్టి బిల్లు సభకు వచ్చిన శుక్రవారము మీరు మీ స్థానమున కూర్చుందురా?

మూడవప్రశ్నకైనను అవునని చెప్పలేనివాడు మొదటి రెండింటికి చెప్పిన జవాబులతో పనిలేదు. ఆనాడు సభలో నిలిచినవారు ఇరువదినలుగురు. మరల బిల్లు వచ్చునాటికి వారెందరగుదురో ఢిల్లీలో తేలదు. మన వార్డు వోటరుజాబితాలో, మన వీధిచివరి బడిలో, పోలింగునాటి వరుసలో తేలును.